దిండు ఎత్తుగా పెట్టుకో తల్లీ

చిన్నీ,

ఎలా ఉన్నావు తల్లీ? ఇక్కడ అందరం బాగున్నాం. అమ్మ మోకాలి నొప్పి కాస్త తగ్గింది. చంటి పరీక్షలు అయిపోయాయి, ఎలా రాశాడని అడిగితే మాత్రం నీళ్లు నములుతున్నాడు. పెద్దమామయ్య కంటి ఆపరేషన్ మళ్లీ వాయిదా పడింది. ఇవన్నీ ఫోన్లోనే చెప్పొచ్చు, కానీ ఈ మధ్య ఏం పంపినా బొటనవేలు గుర్తు ఒకటి పెట్టి ఊరుకుంటున్నావు. అందుకే కూర్చుని పెద్ద ఉత్తరమే రాస్తున్నాను. తీరిక చూసుకుని మొత్తం చదువు.

వీడియో కాల్ చేస్తే కెమెరా ఆపేస్తున్నావు. మొదట నెట్ బాలేదన్నావు, ఆ తర్వాత పనిలో ఉన్నానన్నావు, మొన్నేమో మాస్కు పెట్టుకుని ఒక్క నిమిషం కనిపించి జలుబు చేసిందన్నావు. ఆ ఒక్క నిమిషంలోనే నీ కళ్ల కింద పసుపు, ఆకుపచ్చ కలిసినట్టున్న రంగు కనిపించింది. అమ్మ లైటు వెలుగేమో అనుకుంది. నేను ఏమీ అనలేదు. కమిలిన చోట నెత్తురు విరిగి తగ్గుముఖం పడుతున్నప్పుడు వచ్చే రంగది, నాకు బాగా తెలుసు. మర్నాడు రమత్త ఫోన్ చేసి, ‘చిన్ని ముఖానికి ఏదో చేయించుకుందటగా, మీకు చెప్పలేదా’ అంది. ఎవరు చెప్పారంటే మాట దాటేసింది. మాకేమీ తెలియదని చెప్పి పెట్టేశాను.

సరే, అది పక్కన పెడదాం. చంటికి కంప్యూటర్ కొత్తది కావాలట, ఏది మంచిదో నువ్వే చెప్పాలి. పాతది వేడెక్కిపోతోందంటున్నాడు.

నిన్న పాత ఆల్బమ్ తీస్తే విజయత్త ఫొటోలు బయటపడ్డాయి. అత్త ముక్కు ఆపరేషన్ నాటికి నువ్వు చాలా చిన్నపిల్లవి, నీకేమీ గుర్తుండదు. అత్తకి ముక్కు దూలం మీద బుడిపెలా ఎముక ఉండేది, లోపల మధ్య గోడ కూడా ఒక పక్కకి వంగి ఉండేది. ఊపిరి సరిగా ఆడదు, దానికితోడు ఫొటో తీస్తామంటే పక్కకి తిరిగి నిలబడేది కాదు. రెండూ ఒకేసారి సరిచేయించుకుంటానంది. ఇంట్లో ఒక్కొక్కరూ ఒక్కో మాట అన్నారు. మావయ్య ఊళ్లో లేడు. నేను వెళ్లాను.

ఆపరేషన్ ఎలా జరుగుతుందో అందరూ అడుగుతారు, చదువుతారు. మత్తిస్తారు, రెండు మూడు గంటల్లో అయిపోతుంది, అత్తకైతే సాయంత్రానికి ఇంటికి పంపేశారు. అసలు సంగతి ఆ రాత్రి నుంచి మొదలవుతుంది. ముక్కు మీద గట్టి పట్టీ, లోపల మెత్తటి సిలికాన్ రేకులు, ముక్కు కింద దూదిగుడ్డ మడత. ఆ మడత తడిసినప్పుడల్లా మార్చాలి. నొప్పి అంతగా లేదంది, ముఖమంతా బరువుగా దిమ్మెక్కినట్టుందంది. ముక్కుతో గాలి ఆడదు కాబట్టి రాత్రంతా నోటితోనే పీల్చుకోవాలి, దాంతో నాలుక అంగిట్లో అంటుకుపోతుంది. చెంచాతో నీళ్లు పోస్తూ, పెదాలకి వాజిలిన్ రాస్తూ కూర్చున్నాను. తల ఎత్తుగా ఉండాలని మూడు దిండ్లు పెట్టాం. నిద్రలో జారిపోయేది. జారినప్పుడల్లా లేపి సర్దాలి, లేకపోతే తెల్లారేసరికి వాపు రెట్టింపవుతుంది. ఒంటరిగా ఉన్న మనిషి ఇదంతా ఎలా చేసుకుంటుంది చెప్పు? నిద్రలో జారిపోతే తనని తాను సర్దుకోలేదు కదా.

రెండో రోజు, మూడో రోజు వాపు బాగా పెరుగుతుంది. డాక్టరు ముందే చెప్పారు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఏదో తేడా కొట్టిందని కాళ్లూ చేతులూ ఆడేవి కావు. కళ్లు సన్నటి గీతల్లా మిగిలాయి, కింద ఊదారంగు సంచులు. అత్త అద్దం అడిగింది. మొదటి ప్రపంచ యుద్ధంలో ముఖాలు ఛిద్రమైన సైనికులకి హెరాల్డ్ గిల్లీస్ అనే సర్జన్ కొత్త ముఖాలు కట్టాడు. వాళ్ల కోసమే 1917లో ఇంగ్లండ్‌లోని సిడ్‌కప్‌లో ఆసుపత్రి తెరిచారు. ఇప్పటి ప్లాస్టిక్ సర్జరీకి చాలావరకు పునాది అక్కడ పడిందే. ఆ వార్డుల్లో అద్దాలు ఉండనిచ్చేవారు కాదట. నేను మాత్రం అత్తకి అద్దం ఇచ్చాను. దాచిపెడితే ఇంకా ఘోరంగా ఉందేమోనని ఊహించుకుంటుంది. ఇచ్చి, పక్కనే కూర్చున్నాను. చాలాసేపు చూసుకుని, ‘అన్నయ్యా, ఇది తగ్గుతుందా’ అంది. తగ్గుతుందన్నాను. రోజూ అదే ప్రశ్న, అదే జవాబు.

వారానికి పట్టీ తీశారు. అందరూ ఆ రోజు కోసమే ఎదురుచూస్తారు, సినిమాల్లో కట్టు విప్పి అద్దం చూపించినట్టు ఉంటుందనుకుంటారు. అలా ఉండదు. కొన బాగా పైకి లేచి, లావుగా, మెరుస్తూ ఉంది. పైపెదవి బిగుసుకుపోయి నవ్వు నవ్వులా రావడం లేదు. ముక్కు కొస, పై పళ్ల దగ్గరి చిగురు మొద్దుబారిపోయాయి. అక్కడ డాక్టరు ముందు బాగుందని తలూపింది, ఇంటికొచ్చి తలుపేసుకుని ఏడ్చింది. ‘ఇది నా ముఖంలా లేదు, పాతదే నయం, ఎందుకు చేయించుకున్నాను’ అని ఒకటే గోల. ఇన్నేళ్లూ వద్దనుకున్న ముక్కు కోసమే అంతలా ఏడుస్తుంటే నాకు ఏం చెప్పాలో తోచలేదు. మర్నాడు ఆసుపత్రి నర్సుకి ఫోన్ చేస్తే, ఆవిడ ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. మొదటి వారాల్లో మనసు ఇలా కుంగడం చాలామందిలో చూస్తామని, మత్తు, మందులు, నిద్రలేమి, అద్దంలో కొత్త మనిషి, అన్నీ కలిసి అలా చేస్తాయని చెప్పింది. ఆ మాట వినగానే అత్త ఒక్కసారిగా నెమ్మదించింది. ఓదార్పు మాటలతో కాని పని, ‘ఇలా అందరికీ అవుతుంది’ అన్న ఒక్క మాటతో అయింది.

తర్వాత చిన్న చిన్న ఇబ్బందులు చాలా ఉన్నాయి. కళ్లజోడు ముక్కు మీద ఆననివ్వకూడదు కాబట్టి టేపుతో నుదుటికి అంటించుకుంది. తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి, ముక్కు చీదకూడదు. ఎదురుగా పిల్లలుంటే చెయ్యి తగులుతుందేమోనని వెనక్కి జరిగేది. రెండు వారాలకి మచ్చలు పోయాయి, నలుగురిలోకి వెళ్లగలిగింది. నెలలు గడిచేకొద్దీ దూలం సన్నబడింది, కొన మాత్రం దిగి స్థిమితపడడానికి ఏడాది దాటింది. ప్రతి నెలా అదే కిటికీ దగ్గర, అదే వెలుగులో ఫొటో తీయించుకునేది. ఆల్బమ్‌లో దొరికినవి అవే. వరసగా పెట్టి చూస్తేనే తేడా తెలుస్తుంది, రోజూ అద్దంలో చూసుకునేవాళ్లకి తెలియదు.

ఇదంతా ఎందుకు రాస్తున్నానో నీకు అర్థమైపోయి ఉంటుంది. నువ్వు చేయించుకున్నావో లేదో నాకు తెలియదు. చేయించుకుని ఉంటే మాత్రం, ఇప్పుడు అద్దంలో కనిపించేది నీ కొత్త ముఖం కాదు, వాపు. దాన్ని చూసి ఏ నిర్ణయానికీ రావద్దు. ఇంకోసారి సరిచేయించుకోవాలన్నా మామూలుగా కనీసం ఏడాది ఆగమంటారు, లోపల కణజాలం మెత్తబడితే గానీ చెయ్యి పెట్టరు. ముక్కంటే కుట్టించుకున్న బట్ట కాదు, నచ్చలేదని మర్నాడే విప్పి మళ్లీ కుట్టించుకోవడానికి.

ఎందుకు చేయించుకున్నావని నేను అడగను. చిన్నప్పుడు బళ్లో నిన్ను ఏమని పిలిచేవారో నాకు తెలుసు. నువ్వు ఇంట్లో చెప్పలేదు, చంటి చెప్పాడు. నాకు నీ ముఖం ఎప్పుడూ ముద్దుగానే ఉంది, కానీ ఆ ముఖంతో తిరగాల్సింది నువ్వు, నేను కాదు. అది నీ ఇష్టం. అమ్మకి కూడా ఇదే చెప్పాను. కాసేపు గొణిగి ఊరుకుంది.

చంటి ఇంకోలా చెబుతున్నాడు. ‘సర్జరీ అయ్యుండదు నాన్నా, ఫిల్లర్ వేయించుకుని ఉంటుంది, జస్ట్ ఇంజెక్షన్’ అని. ఆ ‘జస్ట్’ అనే మాటకే నాకు టెన్షన్ పట్టుకుంది. ఫిల్లరంటే చర్మం కింద నింపే మందు, అందరూ వేయించుకునే హైలురోనిక్ యాసిడ్ ఫిల్లర్ నచ్చకపోతే కరిగించే మందు ఉందన్నది నిజమే, హైలురోనిడేజ్ అంటారు. పెదాలకి వేయించుకుంటే రెండు మూడు రోజులు వాచి తగ్గిపోతాయి, కంగారు లేదు. కానీ ఆ ఫిల్లర్ పొరపాటున రక్తనాళంలోకి పోతే నాళం మూసుకుపోతుంది, ముక్కు దగ్గర, కనుబొమ్మల మధ్య ఆ ప్రమాదం మరీ ఎక్కువ. వేసిన చోట చర్మం తెల్లగా పాలిపోయినా, వల పరిచినట్టు ఊదారంగు గీతలు వచ్చినా, భరించలేనంత నొప్పి పుట్టినా, కొంచెమైనా చూపు మసకబారినా తెల్లారనిద్దాం అనుకోకు. ఆ క్షణమే బయల్దేరాలి. కంటికి నెత్తురు ఆగితే నిమిషాల్లో చూపు పోవచ్చు. కాబట్టి సూది పొడిచేవాళ్ల దగ్గర ఆ కరిగించే మందు అక్కడే ఉందో లేదో ముందే అడగాలి. లేదంటే కుర్చీలోంచి లేచి వచ్చెయ్యాలి.

ముడతలు పోవడానికి వేయించుకునే బొటాక్స్ ఇంజెక్షన్ అయితే అంత భయం లేదు. నాలుగైదు రోజులకి పనిచేయడం మొదలై, రెండు వారాలకి పూర్తిగా తెలుస్తుంది, మూడు నాలుగు నెలలకి పోతుంది. ఒక్కోసారి కనురెప్ప వాలుతుంది, వారాల్లో దానంతటదే లేస్తుంది. మందు రాసి చర్మం పైపొర ఊడేలా చేసే పీలింగ్ అయితే ఎండలోకి వెళ్లకూడదు, ఊడుతున్న పొరని గోటితో లాగకూడదు. మన చామనచాయ చర్మానికి లాగిన చోటల్లా నల్లమచ్చ పడి నెలల తరబడి పోదు. నీకు చిన్నప్పటి నుంచీ పెచ్చులు గిల్లే అలవాటు. గిల్లకు.

ఇంకొన్ని కూడా చెప్పేస్తాను, విసుక్కోకు. తలనొప్పిగా ఉందని ఇంట్లో ఉన్న ఆస్పిరిన్, ఇబుప్రోఫెన్ నీ అంతట నువ్వు వేసుకోకు, నెత్తురు ఆగదు, డాక్టరు రాసిన నొప్పి మాత్రే వేసుకో. చేప నూనె గుళికలు, విటమిన్ ఇ కూడా అంతే, వాడుతుంటే వాళ్లకి చెప్పు. ఉప్పు తగ్గించు. వంగి బరువులు ఎత్తకు, ఒంటి మీద కాస్త బాగున్నట్టు అనిపించగానే వ్యాయామం మొదలెట్టకు, ఎప్పుడు మొదలెట్టాలో వాళ్లే చెబుతారు. ఐసు నేరుగా చర్మానికి తగలనివ్వకు, మొద్దుబారిన చోట చలికి కాలినా తెలియదు. ముక్కు మీద అసలు పెట్టకు, బుగ్గల మీదే. పొగతాగేవాళ్ల పక్కన కూర్చోకు, పొగ వల్ల గాయం మానదు. రెండు వైపులా వాపు సమానంగా తగ్గదు, ఒక పక్క ముందు తగ్గుతుంది, దానికి కంగారు పడకు. కానీ ఒక్క పక్కే ఉన్నట్టుండి గట్టిగా ఉబ్బినా, జ్వరం వచ్చినా, నెత్తురు ఆగకుండా కారినా ఎవరినీ మొహమాటపడకుండా లేపు. నీతో గదిలో ఉండే ఆ అమ్మాయి ఉందిగా, ఆమెకి విషయం తెలుసా? తెలియకపోతే ఇవాళే చెప్పు. మాకు చెప్పకపోయినా ఆమెకి చెప్పు.

నాకు నిద్ర పట్టనిది కూడా ఇక్కడే. నువ్వు ముఖం మార్చుకున్నావని కాదు, ఆ వాపు ముఖంతో తలుపేసుకుని ఒక్కదానివే కూర్చుని ఉంటావేమోనని. పాతదే నయం అనిపించే రోజులు వస్తాయి, అత్తకి వచ్చాయి. అలాంటప్పుడు పక్కన మనిషి ఉండాలి. నెలలు గడిచి వాపంతా దిగాక కూడా నాలుగు పొద్దులా అద్దం ముందే గడుస్తుంటే, ఒకటి సరిచేస్తే ఇంకొకటి లోపంగా కనిపిస్తుంటే, అప్పుడు మళ్లీ సర్జన్ దగ్గరికి కాదు, మనసు డాక్టరు దగ్గరికి వెళ్లాలి. అలాంటి బాధకి మందులున్నాయి, కత్తితో అది తగ్గదు. నీకు అలా ఉందని నేననడం లేదు. ఉంటే సిగ్గుపడకు అంటున్నాను.

రమత్తకి మేమేమీ చెప్పం. విజయత్తకి మాత్రం నువ్వు ఫోన్ చెయ్యి, నేను చెప్పానని చెప్పనక్కర్లేదు. ఆవిడకి ఇంకా అన్నీ గుర్తున్నాయి, నాకంటే బాగా చెబుతుంది.

అమ్మా నేనూ ఇద్దరం వచ్చేందుకు సిద్ధంగానే ఉన్నాం. ఇద్దరూ వద్దంటే ఒకరం వస్తాం. అసలు వద్దంటే రాము, కానీ రోజుకోసారి గొంతు వినిపించు, కెమెరా ఆపేసుకున్నా సరే. జలుబని మాత్రం చెప్పకు తల్లీ.

డిశ్చార్జి చేసేటప్పుడు ఇచ్చే కాగితం ఒకటి ఉంటుంది, అది ఉంటే ఫొటో తీసి పంపు. మందుల పేర్లూ, మళ్లీ చూపించుకోవాల్సిన తేదీ కనిపించేలా తియ్యి, మడత పడిన చోట అక్షరాలు చదవడానికి రావు.

నాన్న