జుట్టు తీసే ముందు ఒక మాట చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

మా ఆవిడకు 54 ఏళ్లు. సంక్రాంతి వెళ్లాక తలలో గడ్డ బయటపడింది, మెనింజియోమా అన్నారు. నగరంలోనే ఓ ఆస్పత్రిలో ఆపరేషన్ అయింది. కేన్సర్ కాదని రిపోర్టు వచ్చింది. ఆ డాక్టర్ల రుణం తీర్చుకోలేనిది. అయినా ఒక సంగతి రాయకుండా ఉండలేకపోతున్నాను.

ముందురోజు రాత్రి తొమ్మిదిన్నరకు చీటీ పట్టుకుని కింద మందుల షాపుకు వెళ్లాను. తిరిగొచ్చేసరికి వార్డులో ఒకతను కత్తితో తల మొత్తం గీసేశాడు. నడుము దాకా ఉండే జుట్టు చెత్తబుట్టలో, సిరంజి కవర్ల మీద పడి ఉంది. ఆమె గోడవైపు తిరిగి కూర్చుని, 'మీరుండగా ఇదేందండీ' అంది. ఇంకేమీ అనలేదు.

వాళ్ల నాయనమ్మ చిన్న వయసులో భర్త పోతే తల తీయించుకుని, చివరిదాకా కొంగు ముసుగు కిందే బతికిందట. ఆ ఇంట్లో పెరిగిన మనిషి ఈమె. నేను సంతకం పెట్టిన కాగితంలో మత్తు గురించి, రక్తస్రావం గురించి, పక్షవాతం గురించి కూడా ఉంది. జుట్టు మాట లేదు.

ఇంటికొచ్చాక కనపడిన ప్రతివాళ్లూ 'తిరుపతి పోయొచ్చిన్రా' అని అడిగేవాళ్లు. ఒకరిద్దరికి అవునని చెప్పిందట. దేవుడి పేరు మీద అబద్ధమాడానని ఆ రాత్రి ఏడ్చింది. మా పెద్దవాడు పుట్టినప్పుడు మొక్కుకుని మూడు కత్తెర్లు ఇచ్చొచ్చిన మనిషి. ఇప్పుడు శుక్రవారం పూలామె వస్తే, మూర మల్లెలు తీసుకుని మొత్తం దేవుడి పటానికే వేస్తోంది.

మా అమ్మాయి నర్సింగ్ చదివింది. కత్తితో గీస్తే చర్మం మీద కంటికి కనపడని గాట్లు పడి, వాటిలో క్రిములు చేరతాయని తనే చెప్పింది. ఆపరేషన్లకు జుట్టు తీయకపోవడమే మేలని, తప్పనిసరైతే వెంట్రుకలు కత్తిరించే మిషన్, అంటే క్లిప్పర్‌తోనే తీయాలని, రేజర్ వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లోనే చెప్పింది. కోత పడేచోట సన్నగా ఒక పట్టీ మేర తీసి, మిగతా జుట్టు మందు షాంపూతో కడిగి, పాయలుగా కట్టి చేసే సర్జన్లు ఉన్నారు. గడ్డ ఎక్కడుందో, ఎంత తొందరో చూసుకుని ఎంత తీయాలో డాక్టర్లే తేల్చాలి, అందులో నాకు మాట లేదు. ఎంత తీస్తారో ముందు రోగికి చెప్పండి. ఆ వేళకు ఇంటివాళ్లను పక్కన ఉండనివ్వండి. తీసిన జుట్టు కవర్లో పెట్టి చేతికివ్వండి.

జుట్టు నెలకు ఒక సెంటీమీటరు పెరుగుతుందట. ఐదు నెలలకు వేలెడు వచ్చింది, కుట్ల వెంబడి మాత్రం రాలేదు. వచ్చే నెల మళ్లీ స్కానింగ్‌కు అదే ఆస్పత్రికి వెళ్తున్నాం. తెల్లారితే ఆపరేషన్ ఉన్న ఆడవాళ్లు ఆ వార్డులో ఉంటారు. వాళ్లకైనా ఎవరైనా ముందుగా చెబుతారని ఈ ఉత్తరం రాస్తున్నాను.

– ఆర్టీసీ విశ్రాంత ఉద్యోగి,
మూసారాంబాగ్, హైదరాబాద్