నీకూ వస్తుందా అని అడిగావు కదా

చిన్నా,

నా కీళ్లవాతం, అదే రుమటాయిడ్ ఆర్థరైటిస్, నీకూ వస్తుందేమో, దాని జాడ రక్తంలో వెతికే యాంటీ సీసీపీ పరీక్ష ఇప్పుడే చేయించుకోనా అని అడిగావు. ఫోన్లో చెబితే సగం విని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నా.

పొద్దున్నే వేళ్లు వాచిపోయి, జడ వేసుకోలేక, పాల ప్యాకెట్ కత్తిరించడానికి మీ నాన్నను పిలిచిన రోజుల్లో నాకు జబ్బు మొదలైందనుకున్నాం. రక్తంలో అది అంతకు ఏళ్ల ముందే మొదలై ఉండొచ్చట. నెదర్లాండ్స్‌లో రుమటాయిడ్ వచ్చినవాళ్లలో అంతకుముందు రక్తదానం చేసిన 79 మందిని పట్టుకుని, దాచి ఉంచిన వాళ్ల పాత రక్తం తీసి పరీక్షించారు. 2004లో వచ్చిన లెక్క అది. నొప్పులు రాకముందే దాదాపు సగం మందిలో ఈ జబ్బు తాలూకు యాంటీబాడీలు, అంటే పరాయివాటి మీద దాడికి ఒళ్లు తయారుచేసే ప్రొటీన్లు, కనిపించాయి, కొన్ని పదేళ్లకు పైబడి ముందే.

మన ఒంటి ప్రొటీన్లలో ఆర్జినిన్ అనే ముక్క సిట్రులిన్ అనే మరో ముక్కగా మారుతూ ఉంటుంది. వాపు ఉన్నచోట మరీ ఎక్కువ. కొందరి రోగనిరోధక వ్యవస్థ ఆ మారినదాన్ని పరాయిదనుకుని దాని మీద యాంటీబాడీలు తయారుచేస్తుంది, వేషం మార్చుకొచ్చిన ఇంటివాడి మీదే కాపలా కుక్క మొరిగినట్టు. యాంటీ సీసీపీ పరీక్ష వెతికేది ఆ యాంటీబాడీలనే. ఈ గొడవ ముందు ఊపిరితిత్తుల్లోనో చిగుళ్లలోనో మొదలై, కీళ్లకు తర్వాత చేరుతుందని చాలామంది పరిశోధకుల అనుమానం. సిగరెట్ పొగ ఊపిరితిత్తుల్లో పెంచేది సరిగ్గా ఈ మార్పునే. రోగనిరోధక వ్యవస్థకు సంబంధించిన హెచ్‌ఎల్‌ఏ జన్యువుల్లో కొన్ని రకాలున్నవాళ్లకు పొగ కూడా తోడైతే ముప్పు ఇంకా పెరుగుతుంది. ఆ జన్యువు నా నుంచి నీకొచ్చిందో లేదో గానీ, సిగరెట్ మాత్రం నేనివ్వలేదు నాయనా. ఇంటికొచ్చినప్పుడు నీ చొక్కాలు ఉతికేది నేనేనని మర్చిపోకు.

ఏ నొప్పీ లేకుండా పరీక్ష వద్దంటాను. పాజిటివ్ వచ్చిన అందరికీ జబ్బు రాదు, నెగెటివ్ వస్తే ఎప్పటికీ రాదనీ కాదు. ఊరికే నిద్ర పాడు. ముందే ఆపే మందు లేదా అంటావేమో. యాంటీబాడీలుండి కీళ్లనొప్పులు మొదలైనవాళ్లకు బ్రిటన్, నెదర్లాండ్స్‌లో రోగనిరోధక వ్యవస్థ జోరు తగ్గించే అబాటసెప్ట్ అనే మందు ఏడాదిపాటు ఇచ్చి చూశారు. 2024లో ఫలితాలొచ్చాయి. ఏడాది చివరికి మందు వాడినవాళ్లలో 6 శాతం మందికి, ఉత్తుత్తి మందు వాడినవాళ్లలో 29 శాతం మందికి జబ్బు తేలింది. మందు ఆపిన మరుసటి ఏడాదికల్లా అవి 25, 37 శాతం అయ్యాయి. వాయిదా పడుతోంది, అంతే. నాకైతే ఆ వాయిదా కూడా చిన్నదనిపించలేదు.

పొద్దున లేచాక అరగంట దాటినా వేళ్లు బిగుసుకుపోయి పిడికిలి పట్టలేకపోతే మాత్రం నొప్పి బిళ్ల మింగి ఊరుకోకు. నేరుగా కీళ్లవాతం చూసే డాక్టరు, రుమటాలజిస్టు దగ్గరకు వెళ్లు. చిగుళ్ల నుంచి రక్తం వస్తోందన్నావు, పళ్ల డాక్టర్ని ఈ వారమే కలువు.

శనివారం వచ్చేటప్పుడు నా కీళ్లవాతం మందు మెథోట్రెక్సేట్ పట్రా. ఫోలిక్ యాసిడ్ ఇంకా ఉంది.

అమ్మ