ఇంగ్లీషు శాఖ సాహిత్య సంఘం: 2025 వార్షిక నివేదిక

గౌరవ అధ్యక్షులకు, శాఖాధిపతి గారికి, సభ్యులందరికీ నమస్కారం.

సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి నివేదిక చదవాలని నియమావళిలో ఉంది కాబట్టి చదువుతున్నాను. సంఘం ఆశయాలు అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోవడం లేదు.

ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవలసింది 'మిసెస్ డాలోవే' పఠనం. వర్జీనియా ఉల్ఫ్ నవల 1925 మే 14న వెలువడింది. నూరేళ్లు నిండాయి కదా, ఒక ఉపన్యాసం పెట్టి చేతులు దులుపుకుందామని కార్యవర్గంలో సగం మంది అన్నారు. నవల మొత్తం ఒక్క రోజులో పైకి చదువుదామన్నది మన రీసెర్చ్ స్కాలర్లు. ఆ ఘనత వాళ్లదేనని మినిట్స్‌లో రాయించాను, ఇక్కడా చెబుతున్నాను. కథ 1923 జూన్‌లో ఒక్క రోజున జరుగుతుంది. పొద్దున పూలు కొనడానికి బయల్దేరిన మిసెస్ డాలోవే, అంటే క్లారిస్సా, రాత్రి పార్టీ ఇస్తుంది. మనమూ పొద్దున్నే మొదలుపెట్టాం.

రచయిత్రి 1941లోనే పోయారు కనుక కాపీరైట్ అనుమతుల బెడద లేదు. అసలు టెన్షన్ వంతులు పంచడంలో వచ్చింది. ఈ నవలకు అధ్యాయాలు లేవు. క్లారిస్సా ఆలోచన అనుకుని చదువుతూ ఉంటే ఉన్నట్టుండి అది ఆమె పాత స్నేహితుడు పీటర్ వాల్ష్ ఆలోచనైపోతుంది. ఎక్కడ ఆపాలి, ఎవరికి అందివ్వాలి? ఇద్దరు స్కాలర్లు సెమినార్ రూంలో కూర్చుని పుస్తకమంతా పెన్సిలు గీతలు పెట్టారు. అందరి దగ్గరా ఒకే ముద్రణ లేదు, పేజీ నంబర్లు కలవవు. అందుకని ఒక్కొక్కరికీ వాళ్ల మొదటి వాక్యం, ఆఖరి వాక్యం రాసిన చీటీ చేతికిచ్చారు.

నవలలో లండన్ గడియారం బిగ్ బెన్ మోగే చోటల్లా మన అటెండర్ గారు పీరియడ్ గంట కొట్టాలని కూడా వాళ్లే అనుకున్నారు. ఆయన పక్కన కూర్చున్న అమ్మాయి సైగ చేస్తే కొట్టాలి. మధ్యాహ్నానికల్లా ఆయన ఆ అమ్మాయి వైపు చూడడం మానేసి, చదివేవాళ్ల గొంతును బట్టే కొట్టేశారు. ఒకటి రెండుసార్లు ముందే కొట్టారు, అది వేరే సంగతి.

సెప్టిమస్ కిటికీలోంచి దూకే ఘట్టం ఎం.ఏ. మొదటి సంవత్సరం విద్యార్థికి వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి మనసు చెదిరి వచ్చిన ఆ సైనికుడిని మనం క్లాసులో 'షెల్ షాక్' అని నోట్సు చెప్పి దాటించేస్తుంటాం. ఆ కుర్రాడు ఎక్కడా గొంతు పెంచలేదు. సెప్టిమస్‌కు వైద్యం చేసే డాక్టర్ హోమ్స్ మెట్లెక్కి వస్తున్న చోట మాత్రం చదవడం నెమ్మదించాడు. వెనక బెంచీల్లో ఫోన్లు చూసుకుంటున్నవాళ్లు తలెత్తారు. ఏళ్ల తరబడి ఈ నవల చెబుతున్న ఒక సీనియర్ ప్రొఫెసర్ తర్వాత నా దగ్గరికి వచ్చి, ఇకమీదట ఆ పేజీలు విద్యార్థులతోనే పైకి చదివిస్తానన్నారు. ఆయన మాట ఇక్కడ రికార్డు చేస్తున్నాను.

ఆఖరి పార్టీ ఘట్టానికి పట్టుబట్టి పేర్లిచ్చిన సభ్యులు మాత్రం రాలేదు, ఫోన్లూ ఎత్తలేదు. వాళ్ల వంతు కూడా పొద్దుటి నుంచీ కుర్చీలు మోసిన స్కాలర్లే చదివారు. పెద్ద హాలు కోసం పెట్టిన అర్జీకి అనుమతి, కార్యక్రమం అయిపోయాక అందింది. భద్రంగా ఫైల్ చేశాం. అందువల్లే జనం సెమినార్ రూం వరండా దాకా నిలబడాల్సి వచ్చింది.

విమర్శకుడు ఐ. ఎ. రిచర్డ్స్ కేంబ్రిడ్జిలో చేసిన ప్రయోగం అందరం పరీక్షల కోసం చదువుకున్నదే. కవుల పేర్లు తీసేసి, పద్యాలు పంచి, విద్యార్థులతో అభిప్రాయాలు రాయించారు. వాటిలో 13 పద్యాల మీద వచ్చిన రాతలతో 1929లో 'ప్రాక్టికల్ క్రిటిసిజం' తెచ్చారు. అదే పద్ధతిలో మనం నెలనెలా కూర్చున్నాం. విద్యార్థులు జంకు లేకుండా రాశారు. అధ్యాపకుల్లో కొందరు, కవి పేరు చెబితే తప్ప కలం తీసేది లేదన్నారు. వాళ్ల పేర్లు నేను చెప్పను, వాళ్లు ఇక్కడే ఉన్నారు.

పరిశోధకుల కోసం, థీసిస్‌లో ఆధార గ్రంథాల వివరాలు ఎలా రాయాలో చెప్పే మోడర్న్ లాంగ్వేజ్ అసోసియేషన్ (ఎం.ఎల్.ఏ.) హ్యాండ్‌బుక్ 2021 నాటి తొమ్మిదో ముద్రణ మీద వర్క్‌షాప్ జరిగింది. ప్రచురణ స్థలం రాయనక్కర్లేదని ఎనిమిదో ముద్రణ నుంచే ఉన్నా, అది లేదని థీసిస్‌లు వెనక్కి పంపే గైడ్లు ఇంకా ఉన్నారు. వాళ్ల కోసమే పెట్టిన వర్క్‌షాప్‌కి వాళ్లు తప్ప అందరూ వచ్చారు. డబ్బు కడితే వారంలో వ్యాసం వేసేస్తామనే నకిలీ జర్నళ్ల గురించి కూడా అక్కడే మాట్లాడాం. ప్రమోషన్ ఫైల్‌లో వ్యాసాల లెక్కే చూస్తున్నంత కాలం ఆ దుకాణాలు మూతపడవని నా అభిప్రాయం.

2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక అసైన్‌మెంట్లు దిద్దడం ఎలా అన్న చర్చ వేడిగానే సాగింది. లోకంలో లేని వ్యాసాలను పేజీ నంబర్లతో సహా ఉటంకించిన పేపర్లను ఒక మేడం తెచ్చి చూపించారు. క్లాసులోనే చేత్తో రాయించాలని కొందరు, వైవా పెట్టాలని కొందరు. ఏకాభిప్రాయం రాలేదు.

ఇంగ్లీషు నవలా రచయిత్రి జేన్ ఆస్టిన్ పుట్టి డిసెంబర్ 16కి 250 ఏళ్లయిన సందర్భంగా ఒక ప్రసంగం ఏర్పాటు చేశాం. బాగా జరిగింది.

పదవీ విరమణ చేసిన ఒక ప్రొఫెసర్ తన ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ 1989 నాటి రెండో ముద్రణ, 20 సంపుటాలూ శాఖకు ఇచ్చేశారు. వారికి కృతజ్ఞతలు. బీరువా కోసం రాసిన ఉత్తరాల నకళ్లు నా దగ్గరున్నాయి. సంపుటాలు ఇంకా అట్టపెట్టెల్లోనే ఉన్నాయి. ఏదైనా మాట చూడాలంటే ముందు స్టూలు తెచ్చుకుని పై పెట్టెలు దించాలి.

శాఖ పత్రిక ఆలస్యమైంది. కవితలు కుప్పలుగా వచ్చాయి, పుస్తక సమీక్ష ఒక్కటీ రాలేదు. 'రేపు ఇస్తాను' అన్న అధ్యాపకుల వ్యాసాలకు సంపాదకురాలు ఇప్పటికీ ఎదురుచూస్తున్నారు.

జమాఖర్చులు కోశాధికారి విడిగా అందజేశారు, ఆడిట్ అయింది. సందేహాలుంటే వారినే అడగగలరు.

అడిగిన ప్రతిసారీ సెమినార్ రూం ఇచ్చిన శాఖాధిపతి గారికి, లైబ్రరీ సిబ్బందికి, ఆస్టిన్ ప్రసంగం రోజు మైకు మొరాయిస్తే పరుగున వచ్చి బాగుచేసిన ఎలక్ట్రీషియన్‌కు, గంట కొట్టిన అటెండర్ గారికి, చీటీలు రాసిన స్కాలర్లకు సంఘం తరఫున ధన్యవాదాలు.

వచ్చే ఏడాది వాలంటీర్ల జాబితా తలుపు దగ్గర టేబుల్ మీద ఉంది. ఈసారి పేరు పక్కన ఫోన్ నంబరుతో పాటు, రాలేకపోతే బదులు ఎవరు వస్తారో ఆ పేరు కూడా రాయాలని కార్యవర్గం తీర్మానించింది. ఆ రెండో గడి ఖాళీగా ఉంటే పేరు చేర్చుకోబోము.

ఇట్లు,
కార్యదర్శి