నడిమి మోటారు మీద ఎంత బరువుందో ఎవరు చూస్తున్నారు?

సంపాదకుడు గారికి,

అనంతపురంలో ఇప్పుడు సభ అయినా, కాలేజీ ఫంక్షన్ అయినా లైట్లు, ఎల్‌ఈడీ తెర, స్పీకర్లు ట్రస్‌కు, అంటే గొట్టాలతో అల్లిన లోహపు దూలానికి కట్టి, గొలుసుతో బరువు లేపే చైన్ మోటార్లతో పైకి లేపుతున్నారు. దాని కిందే పిల్లలు డాన్సులు వేస్తారు. పర్మిషన్ ఇచ్చేటప్పుడు స్టేజీ గట్టిగా ఉందా, కరెంటు వైర్లు బాగున్నాయా అని అడుగుతారు గానీ ఏ మోటారు మీద ఎంత బరువు పడుతోందని అడిగినవాళ్లను నేను చూడలేదు. లైటింగ్ పని చేసేవాణ్ణి, అందుకే రాస్తున్నా.

మా పనిలో మామూలుగా వేసే లెక్క, మొత్తం బరువును మోటార్ల సంఖ్యతో భాగించడం. బరువు సమంగా పరిచి, రెండు చివర్లా రెండు మోటార్లుంటే అది సరైనదే. మూడైతే తప్పు. 12 మీటర్ల ట్రస్, సామానుతో కలిపి 1200 కిలోలు, చివర్లలో రెండు, సరిగ్గా మధ్యలో ఒకటి అనుకోండి. తలా 400, అర టన్ను లేపే మోటార్లు చాలులే అంటారు. కానీ ట్రస్ మొత్తం ఒకే దూలంలా బిగిసి ఉంటుంది కాబట్టి మూడూ ఒకే మట్టంలో ఉంటే చివరివాటి మీద 225 చొప్పున పడి, మధ్యదాని మీద 750 కిలోలు పడుతుంది! పోనీ మధ్యది దిగి గొలుసు వదులైతే చివరివాటికి 600 చొప్పున, అదీ అర టన్ను దాటినట్టే, పైగా 12 మీటర్లూ నడుమ ఆసరా లేక ట్రస్‌ను వంచే బలం నాలుగింతలవుతుంది. మధ్యది మరీ పైకి లేస్తే మొత్తం 1200 దానిదే.

ఇవేవీ కింద నిలబడి చూస్తే తెలియవు. ఒకే బటన్‌తో కదిలినా మోటార్ల వేగంలో కొంచెం తేడా ఉంటుంది, చేత్తో లాగే చైన్ బ్లాకులైతే ఇక లాగే మనిషిని బట్టే, ట్రస్ ఎంత గట్టిదైతే అంత చిన్న తేడాకే బరువు ఒక మోటారు మీదికి మళ్లుతుంది. ఆపినప్పుడు, లేపినప్పుడు పడే కుదుపు వేరే. ఎండాకాలం సాయంత్రాలు మన దగ్గర గాలి ఎలా లేస్తుందో చెప్పక్కర్లేదు, పెద్ద తెర ఉంటే అదీ తోడవుతుంది.

మోటారు కొక్కేనికీ ట్రస్‌కూ మధ్య లోడ్ సెల్ అనే బరువు కొలిచే పరికరం పెడితే ఒక్కో మోటారు బరువు అంకెల్లో కనిపిస్తుంది. అది లేనివాళ్లు, ఎంత పొడవుకు ఎంత బరువు మోస్తుందో చెప్తూ ట్రస్ కంపెనీ ఇచ్చిన పట్టిక ఒప్పుకుంటే, టన్ను మోటార్లు రెండే వాడటం మేలు, అప్పుడు చెరి సగమే.

కార్పొరేషన్‌నూ పోలీసులనూ అడిగేది ఒకటే. పర్మిషన్ దరఖాస్తుతో పాటు ఏ మోటారు కెపాసిటీ ఎంత, దాని మీద పడే బరువెంత అని ఇంజినీరు సంతకంతో ఒక కాగితం తీసుకోండి. జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కాలేజీ ఊళ్లోనే ఉంది, సివిల్ వాళ్లకు ఈ లెక్క పెద్ద పని కాదు. ట్రస్ కదులుతున్నంతసేపూ కింద ఎవరూ ఉండకూడదన్న షరతు కూడా ఆ కాగితంలోనే రాయించండి.

ఇట్లు,
ఒక లైటింగ్ టెక్నీషియన్, అనంతపురం