స్కాన్ బాగుందని మందు ఆపేయకండి

సంపాదకులకు,

మోకీలు, తుంటి మార్పిడి ఆపరేషన్ల గురించి పేపర్లలో చాలానే వస్తోంది, కొత్త కీలు ఎన్నేళ్లు మన్నుతుంది, ఎప్పుడు మెట్లెక్కొచ్చు అని. కాలి సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు గురించి మాత్రం ఒక్క వాక్యంతో సరిపెడుతున్నారు.

ఇంటికి పంపేముందు డాప్లర్ స్కాన్ (సిరల్లో రక్తం పారుతోందో లేదో చూసేది) తీశారు, గడ్డలేవీ లేవన్నారు, ఇక గండం గడిచినట్టే, గడ్డలు రాకుండా ఇచ్చే మందు అక్కర్లేదు అని చాలామంది అనుకుంటారు. స్కాన్ చెప్పేది ఆ రోజు సంగతి మాత్రమే. మోకీలు మార్చాక గడ్డలు ఎక్కువగా మొదటి ఒకటి రెండు వారాల్లో బయటపడతాయి, తుంటి మార్పిడిలో అయితే తరచూ ఇంటికెళ్లాకే, మూడో వారంలోనో ఇంకా ఆలస్యంగానో, పైగా మూడు నెలల దాకా ముప్పు పూర్తిగా పోదు. లక్షణాల్లేని వాళ్లందరికీ ఆపరేషన్ తర్వాత మామూలుగా స్కాన్ తీయొద్దని అమెరికా ఆర్థోపెడిక్ సర్జన్ల అకాడమీ 2011లోనే చెప్పింది. గడ్డ ఉందేమో చూడటానికి చేసే డీ-డైమర్ రక్తపరీక్షా అంతే, ఆపరేషన్ అయ్యాక గడ్డ లేకపోయినా అది పెరుగుతుంది, ఆ అంకె చూసి ఇంటిల్లిపాదికీ టెన్షన్.

నన్నడిగితే అసలు స్క్రీనింగ్ అంటే ఆపరేషన్‌కు ముందు అడిగే ప్రశ్నలే. ఇదివరకు కాల్లోగానీ ఊపిరితిత్తుల్లోగానీ గడ్డ వచ్చిందా, అమ్మానాన్నలకో తోబుట్టువులకో వచ్చిందా, క్యాన్సర్ ఉందా, హార్మోన్ మాత్రలు వాడుతున్నారా? ఆ చివరిది అడిగితే తప్ప ఎవరూ చెప్పరు. ఈస్ట్రోజెన్ ఉన్న మాత్రలైతే నాలుగు వారాల ముందే ఆపమనే అవకాశం ఉంది, ముందురోజు రాత్రి సంతకాలు పెట్టించుకుంటూ అడిగితే ఏం లాభం? గడ్డలు రాకుండా ఆస్పిరిన్ చాలా, రక్తం పల్చబడే ఇంజెక్షన్లు కావాలా అని తేల్చడానికీ ఈ జవాబులే ఆధారం. ఆ తేడా చిన్నదేం కాదు: 2022లో వెలువడిన ఆస్ట్రేలియా క్రిస్టల్ అధ్యయనంలో 90 రోజుల్లో లక్షణాలతో గడ్డలు ఆస్పిరిన్ వాడినవాళ్లలో 3.45 శాతానికి, ఎనాక్సాపరిన్ ఇంజెక్షన్లు తీసుకున్నవాళ్లలో 1.82 శాతానికి వచ్చాయి.

మా ఇంట్లోనూ ఈ ఆపరేషన్ అయింది. డిశ్చార్జి కాగితంలో రక్తం పల్చబడే మందు పేరుంది, రోజుకొకటి అని ఉంది, ఎప్పటిదాకా అన్నది లేదు. స్ట్రిప్ అయిపోతే కోర్సు అయిపోయినట్టే అనుకుంటారు ఎవరైనా! మోకీలుకు సాధారణంగా కనీసం రెండు వారాలు, తుంటికి దాదాపు ఐదు వారాల దాకా ఇస్తారు కాబట్టి, ఆపాల్సిన తేదీని డాక్టర్ చేత రాయించుకోండి.

ఆపరేషన్ అయిన కాలు ఎలాగూ వాస్తుంది, చిక్కంతా అక్కడే. మోకాలి కింద ముందువైపు తగిలే ఎముక బొడిపె నుంచి 10 సెంటీమీటర్లు కిందికి కొలిచి, అక్కడ రెండు పిక్కల చుట్టుకొలతా టేపుతో చూసి రాసిపెట్టుకోండి. తేడా 3 సెంటీమీటర్లు దాటినా, రోజురోజుకీ పెరుగుతున్నా, పిక్క నొక్కితే నొప్పి పుట్టినా ఆ రోజే డాక్టర్‌కు ఫోన్ చేయాలి, స్కాన్ అవసరమయ్యేది అప్పుడు. ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా, ఊపిరి పీల్చినప్పుడు ఛాతీలో పొడిచినట్టున్నా, దగ్గితే రక్తం పడినా గడ్డ ఊపిరితిత్తులకు చేరిందేమో, ఫోన్ల కోసం ఆగకుండా నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

– ఒక పాఠకురాలు