అసల్ ఉత్తర్ చెరకు చేను

చిరంజీవి అమ్ములుకి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ మేమంతా క్షేమం. కోతలు మొదలయ్యాయి. అమ్మకి మోకాలి నొప్పి కాస్త తగ్గింది. మొన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు లాకు తలుపులు దింపుతున్నాం, ఆ చప్పుడులో సగమే వినపడింది. కాలేజీ ఎగ్జిబిషన్‌కి ప్యాటన్ ట్యాంకు మోడల్ పెడతానన్నావు. నీ స్నేహితులు కిట్ కొనేద్దాం అంటున్నారనీ, నువ్వు మాత్రం నాన్నలాగా అట్టముక్కలతోనే చేస్తానన్నావనీ చెప్పావు. ఆ రాత్రి నాకు సంతోషంతో నిద్ర పట్టలేదు. కొలతలన్నీ ఫోన్లో చెప్తే నిలవవు. అందుకే రాస్తున్నాను, దాచుకో.

ముందు సంగతి. ట్యాంకు చేస్తానన్నావు కానీ, ఏ రోజు, ఏ నేల మీద ఉన్న ట్యాంకో చెప్పలేదు. అది తేల్చుకోకుండా కత్తెర పట్టుకోకు. నేను నా మోడల్‌కి 1965 యుద్ధంలోని అసల్ ఉత్తర్ పోరు ఎందుకు ఎంచుకున్నానో నీకు ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు.

1986 ఆగస్టు 16న ధవళేశ్వరం దగ్గర వరద 35 లక్షల క్యూసెక్కులు దాటింది. అప్పుడు నాకు పదేళ్లు. తాతయ్య నన్ను భుజాన ఎక్కించుకుని గట్టు మీదకు చేర్చాడు. ఆ తర్వాత నేనే లస్కరునై పాతికేళ్లుగా కాలవ గట్లు కాస్తున్నాను. గండి అనే మాట వింటే ఇప్పటికీ నా గుండె ఆగినంత పనవుతుంది. అలాంటివాణ్ణి, మన సైన్యం 1965 సెప్టెంబరులో పంజాబ్‌లో ఖేమ్‌కరణ్ దగ్గర తామే కాలవకి గండి కొట్టి చేలను ముంచారని చదివి పుస్తకం మూసేశాను. మళ్లీ తెరిచి రాత్రంతా చదివాను. పాకిస్తాన్‌కి అమెరికా ఇచ్చిన ప్యాటన్ ట్యాంకులు అప్పటికి చాలా గొప్పవి, ఒక్కొక్కటి సుమారు 45 టన్నులు. మనవాళ్లు వెనక్కి తగ్గి, అసల్ ఉత్తర్ ఊరి దగ్గర గుర్రపునాడా ఆకారంలో మూడు వైపులా కాసుకున్నారు. చుట్టూ మనిషి కంటే ఎత్తు చెరకు. కింద నీళ్లు తాగిన నేల. సెప్టెంబరు 8 నుంచి 10 వరకు జరిగిన పోరులో శత్రువు 90కి పైగా ట్యాంకులు పోగొట్టుకున్నాడని మన సైన్యం లెక్క. అందులో కొన్ని బురదలో దిగబడి, ఉన్నవి ఉన్నట్టు చిక్కాయి.

దమ్ము చేలో ట్రాక్టరు దిగబడటం నువ్వు చూశావు కదా. చక్రం తిరుగుతూనే ఉంటుంది, బండి కదలదు, ఇంకా లోపలికి పోతుంది. ట్యాంకూ అంతే. దాని కడుపుకీ నేలకీ మధ్య జాగా 40 సెంటీమీటర్లు మాత్రమే. కడుపు బురదకి ఆనిందంటే చక్రాల చుట్టూ ఉండే ఇనుప పట్టాలు ఊరికే తిరుగుతాయి. మన కోనసీమ వాళ్లకి ఇది ఎవరూ నేర్పక్కర్లేదు. నేను చేయగలిగిన యుద్ధం ఇదేనని అప్పుడే అనుకున్నాను. ఎడారి నేను చూడలేదు, కొండలు చూడలేదు. బురద తెలుసు, చెరకు తెలుసు, గండి తెలుసు.

ఇక కొలతలు. అన్నింటినీ 35తో భాగించు. 1:35 అంటే అదే. ఈ 35 ఎలా వచ్చిందో తెలుసా? జపాన్‌లో టామియా కంపెనీ మొదట మోటారుతో నడిచే పాంథర్ ట్యాంకు చేసినప్పుడు, లోపల బ్యాటరీలు పట్టేంత సైజు పెట్టుకున్నారట. తర్వాత లెక్కేస్తే 35వ వంతు అని తేలింది. ఇప్పుడు ట్యాంకు మోడల్స్‌కి ప్రపంచంలో చాలామంది వాడేది అదే కొలత. ప్యాటన్ వెడల్పు సుమారు 3.65 మీటర్లు, అంటే నీకు 10.4 సెంటీమీటర్లు. ఎత్తు 3.1 మీటర్లు, అంటే దాదాపు 9 సెంటీమీటర్లు. ఫిరంగి గొట్టం కొస వరకూ పొడవు 9.3 మీటర్లు, అంటే 26.5 సెంటీమీటర్లు. మనిషి 5 సెంటీమీటర్లకి కాస్త తక్కువ. మూడు మీటర్ల చెరకు గడ ఎనిమిదిన్నర సెంటీమీటర్లు. ఈ అంకెలు గోడకి అంటించుకుని పని మొదలుపెట్టు. ఒక్కటి తప్పినా చూసేవాళ్లకి ఎక్కడో తేడా కొడుతుంది, ఎందుకో వాళ్లు చెప్పలేరు.

చక్రాలు ఒక్కో వైపు ఆరు. అసలు చక్రం వ్యాసం 66 సెంటీమీటర్లు, అంటే మనకి 19 మిల్లీమీటర్లు. ఇంజెక్షన్ సీసాల మీద ఉండే ప్లాస్టిక్ మూత ఇంచుమించు సరిగ్గా అంతే ఉంటుంది. మన వీధి చివర డాక్టరుగారి కాంపౌండర్ నాలుగు నెలలు నా కోసం మూతలు దాచి ఇచ్చాడు. వాటిని సబ్బు నీళ్లలో మరిగించి ఆరబెట్టాను. చక్రాలు జంటలుగా ఉంటాయి కాబట్టి 24 కావాలి. పట్టాలకి ప్యాకింగ్ అట్ట తీసుకుని పైపొర తడిపి ఒలిచెయ్యి, లోపలి ముడతలు బయటపడతాయి. ఫిరంగి గొట్టానికి చీపురుపుల్ల మీద జిగురు రాసిన కాగితం చుట్టు. పైన ఫిరంగిని పట్టుకుని తిరిగే భాగం, అదే టరెట్, ప్యాటన్‌కి గుండ్రంగా, తాబేలు వీపులా ఉంటుంది. దానికి అట్ట లొంగదు. పాత న్యూస్‌పేపర్ నానబెట్టి, రుబ్బి, ఫెవికాల్ కలిపి చిన్న గిన్నె మీద పొరలు పొరలుగా అద్దాను. మూడు రోజులు ఎండాలి, తొందరపడితే లోపల తడి ఉండిపోయి బూజు పడుతుంది. మందుబిళ్లల రేకు కత్తిరిస్తే దీపాల మూతలూ కొక్కేలూ వస్తాయి. తాతయ్య పాత బనియను ముక్కని ఫెవికాల్ నీళ్లలో ముంచి మడతపెడితే టార్పాలిన్ అవుతుంది. ఇవన్నీ చేతి పనులు, నీకు నాకంటే బాగా వస్తాయి.

మట్టి దగ్గర మాత్రం జాగ్రత్త. మొదటిసారి మన చేలో మట్టే తెచ్చి పలక మీద మెత్తాను. రెండు రోజులకి నెర్రెలు విచ్చి, నేను నాటిన చెరకంతా పక్కకి ఒరిగిపోయింది. నెల రోజుల పని. మీ నాయనమ్మ చూసి, "పూరింటి గోడకి మట్టి తొక్కేటప్పుడు ఊక కలపరట్రా?" అంది. అంతే. రేగడి ఎండితే ముడుచుకుంటుంది, లోపల పీచో ఊకో ఉంటే పట్టి ఆపుతుంది. అప్పటి నుంచి జల్లించిన ఇసుక రెండు పాళ్లు, మట్టి ఒక పాలు, రంపపు పొట్టు గుప్పెడు, నీళ్లు కలిపిన ఫెవికాల్. పలుచగా రెండు పొరలు వెయ్యి. రంగు కూడా చూసుకో. మన రేగడి నల్లన, పంజాబ్ నేల లేత గోధుమ రంగు. మన మట్టి మీద ఆ రంగు వెయ్యకపోతే అది అసల్ ఉత్తర్ కాదు, అంబాజీపేట అవుతుంది.

కింద పలకకి థర్మోకోల్ వాడితే స్ప్రే పెయింట్ దగ్గరకి రానివ్వకు, కరిగి గుంటలు పడుతుంది. ముందు ఫెవికాల్ పూత వేసి ఆరబెట్టి, కుంచెతోనే రంగు వెయ్యి. విశాఖలో గాలికి తేమ ఎక్కువ, అట్ట రెండు వైపులా జిగురు పూత పడాలి, లేకపోతే వంకర తిరుగుతుంది. మైదా జిగురు వాడితే బొద్దింకలు తినేస్తాయి. పుస్తకాలు బైండింగ్ చేసేవాళ్లు అందుకే మైలుతుత్తం కలుపుతారు, కానీ అది విషం. హాస్టల్ గదిలో నువ్వు దాని జోలికి పోవద్దు, ఫెవికాలే వాడు.

చిన్నప్పుడు సంక్రాంతి బొమ్మల కొలువులో నాయనమ్మ అద్దం ముక్క పెట్టి చెరువు చేసేది, నీకు గుర్తుండే ఉంటుంది. నేను ఈ పని నేర్చుకున్నది ఆవిడ కొలువు దగ్గరే. కానీ వరద నీరు అద్దంలా ఉండదమ్మా. ఆషాఢంలో మన గోదావరి ఎర్రనీరు చూడు, అడుగు కనపడదు. కాబట్టి నీళ్లున్న చోట బురద రంగు వేసి, పైన వార్నిష్ పలుచగా నాలుగైదు సార్లు, రోజుకొక పూత వెయ్యి. అంచుల్లో మట్టి తడిసినట్టు కాస్త ముదురు రంగు. ట్యాంకు వెనక పట్టాల జాడలో కూడా నీళ్లు నిలబడాలి.

చెరకుకి చీపురుపుల్లలు, ఆకులకి అరటి నార. రావులపాలెం వైపు అరటి బోదెలు కుప్పలు కుప్పలుగా పారేస్తారు. నారని సన్నగా చీల్చి, ఆకుపచ్చ పోస్టర్ కలర్‌లో నానబెట్టి ఎండేస్తే వాటంతట అవే వంగుతాయి. నేను 640 గడలు నాటాను. ప్రతి గడకీ పెన్సిల్‌తో కణుపులు గీశాను. ఎవరూ చూడరు కదా అని మీ అమ్మ అంది. చేలో నిలబడ్డవాడికి చెరకు తప్ప ఇంకేం కనపడదు, అందుకే గీశాను.

ఇప్పుడు అసలు సంగతి. ఆ చెరకులో ఒక జీపు ఉంది. దాని మీద ట్యాంకుల్ని కొట్టే 106 మిల్లీమీటర్ల రీకాయిల్‌లెస్ గన్, దాని దగ్గర 4 గ్రెనేడియర్స్ అనే పటాలానికి చెందిన హవల్దార్ అబ్దుల్ హమీద్. ఉత్తరప్రదేశ్‌లో ఘాజీపూర్ జిల్లా మనిషి, తండ్రి దర్జీ. పెద్ద ట్యాంకులకి ఎదురుగా పైకప్పు కూడా లేని జీపుతో వెళ్లాడు. సెప్టెంబరు 10న అక్కడే చనిపోయాడు. పరమవీర చక్ర ఇచ్చారు. ఆ గన్ పొడవు 3.4 మీటర్లు, జీపు అంత పొడవే. మనకి 9.7 సెంటీమీటర్లు, ఖాళీ రీఫిల్ కొసలు కోసి ఒక చుట్టు కాగితం చుడితే సరిపోతుంది.

నా మోడల్ పూర్తయ్యాక అమ్మ పిన్నిగారి వియ్యంకుడు ఇంటికి వచ్చారు. వారిది తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం, మిలటరీ మాధవరం అంటారు కదా, ఇంటికొకరు సైన్యంలో పని చేసిన ఊరు. ఆయన కూడా ఆ గన్ పేల్చినవారే. కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశారు. చెరకు బాగుందన్నారు, బురద బాగుందన్నారు. తర్వాత జీపు వెనక నేను నిలబెట్టిన ఇద్దరు సైనికుల మీద వేలు పెట్టి, "నాయనా, వీళ్లిద్దరూ మొదటి దెబ్బకే పోయారు" అన్నారు. ఆ గన్ వెనక నుంచి కూడా మంట కొడుతుంది. ముందుకి గుండు ఎంత జోరుగా పోతుందో, వెనక్కి వేడిగాలి అంత జోరుగా పోతుంది, అందుకే అది వెనక్కి తన్నదు. ఆ మంటకి దుమ్ము లేచి, శత్రువుకి మన చోటు తెలిసిపోతుంది. పేల్చగానే జీపు చోటు మార్చాలి, లేకపోతే రెండో గుండు వాళ్లది. ఆయన ఇదంతా నెమ్మదిగా చెప్పి, నా చేతిలో చెయ్యి వేసి, "వాళ్ల పక్కన నువ్వు నిలబడి చూడు" అన్నారు.

అమ్ములూ, ఆ మాట నన్ను వదల్లేదు. నేను కొలతలన్నీ సరిచూశాను, వాళ్ల ప్రాణాలు మాత్రం చూడలేదు. మర్నాడు ఆ ఇద్దర్నీ పీకి పక్కకి మార్చాను. జీపు వెనక చెరకు ఆకులు కాల్చినట్టు నల్లగా చేశాను. బూరుగు దూదిని పీకి, దానికి గోధుమ రంగు పొడి అద్ది దుమ్ము లేపాను. జీపు ముందు చక్రాలు పక్కకి తిప్పాను, డ్రైవరు చెయ్యి స్టీరింగ్ మీదే ఉంచాను. ఆ చిన్న మార్పుతో అక్కడ ఒక క్షణం వచ్చింది. పేల్చేశారు, ఇప్పుడు కదలాలి. అంతకుముందు అది బొమ్మలు పేర్చిన పలక.

నువ్వు కూడా అలాగే చెయ్యి. ప్రతి మనిషినీ పెట్టే ముందు వాడు దేన్ని చూస్తున్నాడో, ఏం వింటున్నాడో ఆలోచించు. దిగబడిన ప్యాటన్ పైమూత తెరిచి ఒక సైనికుణ్ణి సగం బయటికి వచ్చినట్టు పెట్టు. వాడు శత్రువే, కానీ వాడి చేతులు కూడా వణుకుతాయి. చచ్చినవాళ్లని పేర్చి నెత్తురు పూయడం నాకు ఇష్టం లేదు. నీ ఎగ్జిబిషన్‌లో కూడా వద్దు.

వీలైతే ఆదివారం బీచ్‌లో కుర్సురా సబ్‌మెరైన్ ఇంకోసారి ఎక్కు. నిన్ను చిన్నప్పుడు తీసుకెళ్లాను, అప్పుడు నువ్వు భయపడి నా చొక్కా వదల్లేదు. ఈసారి చేతులు పట్టుకునే చోట, కాళ్లు పెట్టే చోట ఇనుము ఎలా నునుపెక్కిందో, రంగు ఎక్కడ పోయిందో చూసి రాసుకో. ట్యాంకు మీద రంగు రాలినట్టు చెయ్యాల్సింది అలాంటి చోట్లే, ఎక్కడపడితే అక్కడ కాదు.

మొహాల సంగతి. కాలిపోయిన మోటారు రాగి తీగతో ఒళ్లు, దాని మీద ఎంసీల్. వేళ్లకి నీళ్లు తడుపుకుంటూ ఉండు. తల కందిగింజ అంతే వస్తుంది. నా హమీద్‌కి ఇప్పటికీ మొహం లేదు, తల మాత్రం ఉంది. మూడుసార్లు చేసి తీసేశాను. నీ వేళ్లు సన్నవి, తొమ్మిదో తరగతిలో సుద్దముక్క మీద నాయనమ్మ మొహం చెక్కావు, అది ఇంకా నా పెట్టెలో ఉంది. సంక్రాంతికి వచ్చినప్పుడు ఆ మొహం నువ్వే చెయ్యాలి. అప్పటిదాకా జీపు మీద గాజు గిన్నె బోర్లించి ఉంచుతాను.

రేపు బస్సు పార్సిల్‌లో అట్టపెట్టె పంపుతున్నాను. మూతలు 26 ఉన్నాయి, రెండు ఎక్కువే వేశాను. రీఫిళ్లు ఆరు, రాగి తీగ ఒక చుట్ట, రంగు వేసిన అరటి నార ఒక కట్ట, జల్లించిన ఇసుక రెండు డబ్బాలు. నార తడవకుండా పైన పెట్టుకో. అమ్మ పూతరేకులు కూడా పెట్టింది, అవి పక్క డబ్బాలో ఉన్నాయి, ఇసుక డబ్బా అనుకుని మూల పడెయ్యకు. పార్సిల్ అందగానే ఫోన్ చెయ్యి.

మీ నాన్న