వదిలి వెళ్లాల్సిన ఇల్లు కొనడం దండగేనా?

సంపాదకులు గారికి నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో వీడియో గేమ్‌ల గురించి వచ్చిన వ్యాసంలో, ‘స్టార్‌ఫీల్డ్’ ఆడేవాళ్లు ఆటలో ఇల్లు కొనడానికి ఒక్క క్రెడిట్ (ఆటలో చెల్లే డబ్బు) కూడా ఖర్చు పెట్టవద్దనీ, కథ చివర ‘న్యూ గేమ్ ప్లస్’లో, అంటే ఆటను అదే పాత్రతో మళ్లీ మొదలుపెట్టినప్పుడు, ఎలాగూ అన్నీ పోతాయి కాబట్టి అదంతా దండగేననీ రాశారు. ఆ సలహాతో నేను ఏకీభవించలేకపోతున్నాను. నేను ముప్పై ఏళ్లకు పైగా బ్యాంకులో పనిచేసి, అందులో చాలాకాలం గృహరుణాల సీట్లో కూర్చుని పదవీ విరమణ చేసినవాణ్ని. మా అబ్బాయి ఉద్యోగానికి వెళ్తూ ఇంట్లో వదిలేసిన ఎక్స్‌బాక్స్ మీద రెండేళ్లుగా ఈ ఒక్క ఆటే ఆడుతున్నాను. ఇల్లు, అప్పు, బదిలీ అనే మూడు విషయాల్లో నాకు కొంత అనుభవం ఉంది; విచిత్రంగా ఈ ఆటలో ఆ మూడూ ఉన్నాయి.

ఆట తెలియని పాఠకుల కోసం నాలుగు మాటలు చెప్పాలి. ముగింపు ముందే తెలిసిపోతే బాగుండదనుకునేవారు ఈ ఉత్తరాన్ని ఇక్కడే ఆపేయవచ్చు. బెథెస్డా సంస్థ 2023 సెప్టెంబరులో విడుదల చేసిన ఈ ఆటలో వెయ్యికి పైగా గ్రహాలున్నాయి. మనం ఒక అన్వేషకుల బృందంలో చేరి, వింత లోహపు ముక్కలను ఒక్కొక్కటిగా పోగుచేసి, చివరికి ‘యూనిటీ’ అనే చోటికి చేరుకుంటాం. అక్కడ వెలుగులోకి అడుగు పెడితే మరో విశ్వంలో తేలుతాం, కథ మళ్లీ మొదలవుతుంది. ఆట విడుదలైనప్పటి నియమం ప్రకారం, మనం సంపాదించిన స్థాయి, నేర్చుకున్న నైపుణ్యాలు, గుళ్లలాంటి కట్టడాల్లో పొందిన అద్భుత శక్తులు మనతో వస్తాయి. డబ్బు, తుపాకులు, ఓడలు, గ్రహాల మీద కట్టుకున్న స్థావరాలు, ఇళ్లు, కూడా తిరిగినవారితో ఏర్పడిన చనువు, ఇవన్నీ వెనకే ఉండిపోతాయి. వాటికి బదులుగా ఒక కొత్త కవచాన్నీ, మన ఇష్టప్రకారం ఒక్క మార్పు కూడా చేసుకోవడానికి వీల్లేని ఓడనూ ఇస్తారు.

న్యూ గేమ్ ప్లస్ అనే పేరు 1995 నాటి ‘క్రోనో ట్రిగ్గర్’ అనే జపాన్ ఆటతో ప్రచారంలోకి వచ్చింది. అందులో గానీ, 2022లో వచ్చిన ‘ఎల్డెన్ రింగ్’లో గానీ, రెండోసారి మొదలుపెట్టినవాడికి పాత ఆయుధాలు చేతిలోనే ఉంటాయి. స్టార్‌ఫీల్డ్ మాత్రం విద్యను మిగిల్చి ఆస్తిని లాక్కుంటుంది. మీ వ్యాసకర్తకు కోపం వచ్చింది అక్కడే అనుకుంటాను.

ఆయన లెక్కలో తప్పు లేదని ముందే ఒప్పుకుంటున్నాను. న్యూ అట్లాంటిస్ నగరం కింద, వెల్ అనే పాతాళపు పేటలో చిన్న ఫ్లాటు 30,000 క్రెడిట్లు. నియాన్ అనే మరో నగరంలో సముద్రం కనిపించే స్కై సూట్ అనే ఇల్లు 2,35,000. పాత్రను తయారుచేసుకునేటప్పుడే ‘డ్రీమ్ హోమ్’ అనే లక్షణాన్ని ఎంచుకుంటే, నెసోయ్ అనే ప్రశాంతమైన చోట ఒక మంచి ఇల్లు వస్తుంది, దాంతోపాటు గాల్‌బ్యాంక్ వారి 1,25,000 క్రెడిట్ల అప్పు కూడా వస్తుంది. వాయిదా వారానికి 500. నా సీటు అలవాటుకొద్దీ లెక్కగట్టాను: అసలు ఒక్కటే తీసుకున్నా 250 వాయిదాలు. ఒక విశ్వంలో అన్ని వారాలు నిలకడగా ఉండే మనిషి ఆ ఆటలో అరుదు. ఇలాంటి దరఖాస్తు నా బల్ల మీదికి వచ్చి ఉంటే మేనేజరు గారి దాకా పంపకుండానే వెనక్కి ఇచ్చేసేవాణ్ని.

పైగా సామాను దాచుకోవడానికి ఇల్లు అవసరమే లేదు. అన్వేషకుల బృందంలో చేరగానే, వాళ్ల కేంద్రమైన ‘లాడ్జ్’లో మనకంటూ ఒక గది పైసా ఖర్చు లేకుండా ఇస్తారు. ఆ గదిలో ఉన్న పెట్టెలో ఎంత బరువైనా పడుతుంది. కాబట్టి గోదాముగా చూసినా, పెట్టుబడిగా చూసినా ఇల్లు నష్టమే. ఇంతవరకు వ్యాసకర్తదే గెలుపు.

అయితే ఇల్లన్నది గోదామా, పెట్టుబడా అన్న ప్రశ్నను ఆయన అసలు వేసుకోలేదు. బ్యాంకు ఉద్యోగమంటే మూడేళ్లకో బదిలీ అని మీకు తెలుసు. తణుకు, నరసరావుపేట, ఖమ్మం, మళ్లీ గోదావరి జిల్లా. అన్నీ అద్దె ఇళ్లే. ఏ ఊళ్లో దిగినా మా ఆవిడ సామాను పూర్తిగా సర్దకముందే పెరట్లో ఒక మూల కరివేపాకు మొక్క నాటేది. అది నాలుగు రెమ్మలు తుంచుకునేంత అయ్యేసరికి నాకు ఆర్డరు వచ్చేది. ఆ తర్వాత చాలా ఏళ్లకు తణుకు ఇంటి యజమాని గారి అమ్మాయి పెళ్లికి వెళితే, ఆ చెట్టు వంటింటి కప్పు దాటి పెరిగి ఉంది. మా ఆవిడ ఒక రెమ్మ తుంచి వాసన చూసి, పర్సులో పెట్టుకుంది. ఆ మొక్కలు నాటడం దండగని ఆవిడతో అనే ధైర్యం నాకు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. న్యూ గేమ్ ప్లస్ అన్నది కూడా ఒక రకంగా బదిలీయే. సీనియారిటీ వెంట వస్తుంది, ఇల్లు రాదు.

ఆటలో నా అనుభవం ఇది. మొదటి విశ్వంలో యూసీ వాన్‌గార్డ్ అనే సేన వారి కథను పూర్తిచేసినందుకు మెర్క్యురీ టవర్‌లో పైఅంతస్తు ఇల్లు బహుమతిగా వచ్చింది. అద్దాల్లోంచి ఊరంతా కనిపిస్తుంది. దాన్ని సర్దడానికి ఎన్ని సాయంత్రాలు పట్టాయో మా ఆవిడను అడిగితే చెబుతుంది. ఈ ఆటలో పుస్తకాన్ని అరలో పెట్టాలంటే బటను నొక్కి పట్టుకుని దాన్ని గాలిలోకి లేపి, మెల్లగా మోసుకెళ్లి, సరైన కోణంలో వదలాలి. వదిలే క్షణంలో వేలు కాస్త తొందరపడితే అది పక్క పుస్తకాన్ని గుద్ది, రెండూ నేల మీద పడతాయి. మళ్లీ మొదలు. అలా పన్నెండు పుస్తకాలు, మూడు మొక్కల కుండీలు, కిటికీ దగ్గరి బల్ల మీద ఒక కాఫీ కప్పు సర్దాను. కప్పు పిడి కుడివైపుకు ఉండాలని నా పట్టుదల. అంతా చేశాక ఆ గదిలో చేసే పనేమీ లేదు. అయినా ప్రతి యాత్ర తర్వాత ఓడ దిగి నేరుగా అక్కడికే వెళ్లేవాణ్ని.

యూనిటీకి దారి తెరుచుకున్నప్పుడు నేను వెంటనే వెళ్లలేదు. దాదాపు మూడు వారాల పాటు చిల్లర పనులు చేసుకుంటూ, ఏదో ఒక సాకుతో ఆ ఇంటికి తిరిగి వచ్చేవాణ్ని. లోపలికి అడుగుపెట్టకుండా వెనక్కి తిరిగి వచ్చే అవకాశాన్ని కూడా ఆట ఇస్తుంది; ఆ మాట మీ వ్యాసంలో ఎక్కడా లేదు. అంటే అది మన మీద పడే శిక్ష కాదు, మన ముందు పెట్టే ఎంపిక. ఉన్నచోటే ఉండిపోతావా, అన్నీ వదిలి ముందుకు వెళ్తావా అన్నదే ఆ కథ మొత్తం అడిగే ప్రశ్న. ఆ ప్రశ్నకు బరువు రావాలంటే వదులుకోవడానికి మన దగ్గర ఏదో ఒకటి ఉండాలి.

నేను చివరికి వెళ్లాను. రెండో విశ్వంలో మీ వ్యాసకర్త చెప్పిన పద్ధతినే, ఆయన చెప్పకముందే, పాటించాను. ఇల్లు కొనలేదు. లాడ్జ్ గదిలో పడుకున్నాను. దొరికిందల్లా ఆ పెట్టెలో పడేశాను. కథను చాలావరకు దాటవేసి నేరుగా లోహపు ముక్కల వేటకు వెళ్లే వీలు కూడా రెండోసారి ఉంటుంది, దాన్నీ వాడుకున్నాను. శక్తులు ఒక్కొక్కటీ పది దశల దాకా పెరుగుతాయి కాబట్టి, ఆశ ఉన్నవాడు విశ్వం తర్వాత విశ్వం మారుతూ, ప్రతి కట్టడంలోనూ గాలిలో తేలుతూ వెలుగు చుక్కలను తాకే అదే పనిని మళ్లీ మళ్లీ చేస్తాడు. (ఆ పని సరదాగా ఉందన్నవారిని నేనింతవరకు చూడలేదు.) మూడో విశ్వంలోకి వెళ్లే సమయం వచ్చినప్పుడు నిడదవోలు జంక్షన్‌లో రైలు మారినంత తేలిగ్గా వెళ్లిపోయాను. మొదటిసారి గొంతుకు అడ్డం పడిన ఘట్టమే, రెండోసారి స్క్రీన్ మీద ఎప్పుడు అయిపోతుందా అని చూస్తూ కూర్చున్నాను. పొదుపు వల్ల నాకు మిగిలింది అంతే.

శాశ్వతంగా ఉండే ఇల్లే విలువైనదన్న వాదన కూడా నాకు నప్పదు. అదే సంస్థ 2011లో తెచ్చిన ‘స్కైరిమ్’లో న్యూ గేమ్ ప్లస్ లేదు. వైట్‌రన్ అనే ఊళ్లో 5,000 బంగారు నాణేలకు కొన్న బ్రీజ్‌హోమ్ అనే ఇల్లు ఎప్పటికీ మనదే. 2012 నాటి ‘హార్త్‌ఫైర్’ అనుబంధంతో స్థలం కొని సొంతంగా ఇల్లు కట్టుకునే వీలు కూడా కల్పించారు. మా అబ్బాయి కాలేజీ రోజుల్లో దాన్ని ఆడినప్పుడు దొరికిన ప్రతి నగరంలోనూ ఒక ఇల్లు కొన్నాడు. ఏ ఇంట్లో ఏ పెట్టె తెరిచినా ఇనప టోపీలు, జున్ను ముద్దలు. వాడు ఒక్క ఇంట్లోనూ రెండు నిమిషాలు నిలబడగా నేను చూడలేదు. పోతుందన్న భయం లేనప్పుడు ఇల్లు నిజంగానే గోదాము అవుతుందేమో.

వ్యాసకర్తతో నేను పూర్తిగా ఏకీభవించే విషయం ఒకటుంది: అది స్థావరాల సంగతి. గ్రహం మీద తవ్వకపు యంత్రాలు దింపి, వాటికి కరెంటు కలిపి, పెట్టె నుంచి పెట్టెకు లంకె వేసి, మరో గ్రహానికి సరుకు పంపే ఏర్పాటు చేయడం ఆట కంటే ఉద్యోగానికి దగ్గరగా ఉంటుంది. అంత శ్రమ ఒక విశ్వంలో స్థిరపడదామని నిర్ణయించుకున్నవారికే చెల్లుతుంది. స్థావరాలు కట్టే నైపుణ్యాలు మనతో వస్తాయి కాబట్టి, ఆ పనిని ఆఖరి మజిలీకి వాయిదా వేసుకున్నా నష్టమేమీ లేదు. ఇల్లు అలాంటిది కాదు. దాన్ని ఆఖరి మజిలీ దాకా వాయిదా వేస్తే మొదటి వీడ్కోలు ఉత్తిదైపోతుంది.

నిర్మాతలను అడగాల్సింది ఇల్లు మిగల్చమని కాదు, దాని అమరికను మిగల్చమని. మా ఇంట్లో సంక్రాంతికి బొమ్మల కొలువు పెడతారు. పండుగ అయ్యాక మెట్లు విప్పేసి, బొమ్మలను పాత చీర ముక్కల్లో చుట్టి ట్రంకుపెట్టెలో పెడతారు. కొలువు పోతుంది, బొమ్మలు ఉంటాయి, ఏది ఏ మెట్టు మీద ఉండాలో ఇంటివాళ్లకు గుర్తుంటుంది. ఆటలో కూడా ఇల్లు పోనివ్వండి, డబ్బు పోనివ్వండి, కొత్త విశ్వంలో మళ్లీ కష్టపడి కొనుక్కుంటాం. కొన్న తర్వాత, పాత ఇంటి సర్దుబాటును ఒక నకలు కాగితంలా తెచ్చి పరిచే వీలుంటే చాలు. పుస్తకాలను ఒక్కొక్కటిగా మోసిన చేతులకు అది న్యాయమైన కోరికేనని నా ఉద్దేశం. ఇటువంటి మలుపు ఉన్న ఏ ఆటలోనైనా ఇల్లు అమ్మేముందే, ఇది నీతో రాదన్న సంగతి ఏదో ఒక పాత్ర నోట చూచాయగా చెప్పించడం కూడా మర్యాద. మేము రుణ పత్రాల మీద సంతకం పెట్టించేముందు షరతులు చదివి వినిపించేవాళ్లం. ఎవరూ వినేవారు కాదు, అది వేరే విషయం.

చివరిగా, మీ వ్యాసంలో కనిపించని ముఖ్యమైన వివరం మరొకటి ఉంది. ఇది ఒంటరిగా ఆడే ఆట. యూనిటీలోకి వెళ్లేముందు, ఆట తనంతట తానే భద్రపరిచే ఆటోసేవ్‌ను నమ్ముకోకుండా విడిగా ఒక సేవ్ చేసుకుంటే, ఆ విశ్వం మన మెషీన్‌లో అలాగే ఉంటుంది. నేను ఇప్పుడు మూడో విశ్వంలో ఉన్నాను. ఈసారి వెల్‌లోని 30,000 క్రెడిట్ల ఫ్లాటు కొన్నాను, ఇంకా ఒక కుర్చీ, ఒక దీపం తప్ప ఏమీ పెట్టలేదు. మీ వ్యాసం చదివిన సాయంత్రం మాత్రం పాత సేవ్ తెరిచి మెర్క్యురీ టవర్‌కు వెళ్లి చూశాను. పన్నెండు పుస్తకాలూ అరలోనే ఉన్నాయి, కప్పు పిడి కుడివైపే ఉంది. ఇళ్లు కొనవద్దన్న సలహాను వెనక్కి తీసుకోకపోయినా, విడిగా సేవ్ చేసుకోవాలన్న ఈ ఒక్క వాక్యాన్ని వచ్చే ఆదివారం మీ వ్యాసకర్త చేర్చగలరని మనవి.

ఇట్లు,
ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి,
రాజమహేంద్రవరం